జర్మనీవాడు డెల్టా చూడలేదు

ధవళేశ్వరం ఆనకట్ట కట్టడానికి ముందు కాటన్ దొర ఈ నేలంతా తిరిగి చూశాడు. 1847లో పని మొదలుపెట్టి 1852 నాటికి ముగించాడు. అందుకే ఇవాళ్టికీ డెల్టాలో ఏ సెంటరుకెళ్లినా గుర్రం మీద కనిపిస్తాడు. మరి మ్యూనిక్‌లో ఏసీ గదిలో కూర్చుని కార్లు గీసే ఇంజనీర్లు? ఒక్కడైనా రావులపాలెం దాటి ఇటు దిగాడా? రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం పక్కనుంచి ఓ చక్రం మట్టిలో, ఓ చక్రం తారు మీద పెట్టి బండి నడిపాడా? ఇవేమీ చేయకుండా తగుదునమ్మా అని ఓ కారు చేసి వదిలేశాడు. దాని ఫలితం మా ప్రెసిడెంటుగారు అనుభవిస్తున్నారు.

ప్రెసిడెంటుగారంటే మాజీయే. మా వైపు పదవి పోతుంది గానీ పిలుపు పోదు. ఆయనకి సముద్రం వైపు రొయ్యల చెరువులున్నాయి. కౌంటూ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) రేటూ రెండూ కలిసొచ్చిన ఓ పంటకి సెకండ్ హ్యాండ్‌లో నల్లటి బీఎండబ్ల్యూ 325ఐ కొన్నారు. 2007లో చెన్నై దగ్గర ప్లాంటు పెట్టి త్రీ సిరీస్ బిగించడం మొదలెట్టారే, ఆ తొలి రోజుల బండి. ఒకే వరసలో ఆరు సిలిండర్లు, రెండున్నర లీటర్ల పెట్రోలు ఇంజను, 218 గుర్రాలు. అన్ని గుర్రాలు కట్టిన బండి ఓ కొత్త చిన్నకారు ఖరీదు కంటే తక్కువకే వచ్చేసిందంటే అందులో తిరకాసు ఉంటుందని అనుమానించడం నీచమైన బుద్ధి. ఆయనకి అలాంటి బుద్ధి లేదు. ఆయన తరఫున వాదించడానికే ఈ నాలుగు ముక్కలు.

మొదటి ఫిర్యాదు ఆయిల్ గురించి. ఆయిల్ చూడడానికి మన దగ్గర ఓ శాస్త్రం ఉంది. బానెట్ ఎత్తాలి. గేజీ లాగాలి. బనీను గుడ్డతో తుడవాలి. మళ్లీ దూర్చి లాగి, చివరనున్న చుక్కని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, వాసన చూసి, ఆకాశం వైపు చూసి, "ఇంకో రెండువేలు తిరుగుద్దండి" అనాలి. ఈ ఇంజనుకి ఆ గేజీ లేదు. తీసేశాడు మహానుభావుడు. ఆయిల్ ఎంతుందో సెన్సరు చూసి స్క్రీను మీద చెబుతుందట. కార్ల షెడ్డు మేస్త్రి టార్చిలైటు పట్టుకుని గేజీ కోసం చాలాసేపు వెతికాడు. ముందు కొన్నవాడు అమ్మేసుకుని ఉంటాడని తేల్చాడు. పాత ఆయిల్ దింపేసి, నాలుగు లీటర్ల డబ్బా ఒకటి పోసి మూత పెట్టాడు. దానికి పట్టేది ఆరున్నర లీటర్లు. మర్నాడు కారు, ఆయిల్ తక్కువైందని స్క్రీను మీద రాసింది. ప్రెసిడెంటుగారు నొచ్చుకున్నారు. "నిన్నేగదా పోయించాను, మళ్లీ అడుగుతుందేంటి?" అన్నారు. ఊళ్లో ఎవరికి ఏం పోసినా రెండో రోజుకి మళ్లీ అడగడం ఆయనకి కొత్త కాదు. స్క్రీను మీద రాసి మరీ అడగడమే కొత్త.

బోల్టుల సంగతి ఇంకా అన్యాయం. బరువు తగ్గించాలని ఈ ఇంజను దిమ్మ బయటి భాగానికి మెగ్నీషియం మిశ్రమం వాడారు. దానికి ఉక్కు బోల్టు తగిలిస్తే తుప్పు తినేస్తుంది కాబట్టి అల్యూమినియం బోల్టులు పెట్టారు. వాటిని కొలతగా బిగించి, ఆ పైన ఇన్ని డిగ్రీలని లెక్కగా తిప్పాలి. విప్పితే పారేసి కొత్తవి వేయాలి. ఈ మాట చెబితే మేస్త్రి చెవులు మూసుకున్నాడు. "బంగారంలాంటి బోల్టులు పారెయ్యమంటాడేంటండీ? వాళ్లకి కలిసొచ్చిందేమోగానీ మా ఇంటా వంటా లేదండి." పానాకి పైపు తొడిగి, నరాలు ఉబ్బేదాకా బిగించాడు. టప్‌మంది. మన మేస్త్రుల చేతి బలం కొలిచే పరికరం జర్మనీలో లేకపోవడం వల్లే ఈ ప్రమాదం జరిగిందని నా నమ్మకం.

ఇక అసలు గొడవ, నీళ్ల పంపు. మొన్న వేసవిలో ప్రెసిడెంటుగారు అమలాపురం పెళ్లికి బయల్దేరారు. దారిలో స్క్రీను మీద పసుపుపచ్చ గుర్తు వచ్చింది. ఎండలు కదా అనుకున్నారు. కాసేపటికి ఎరుపైంది. పెళ్లికి వెళ్తున్నాం గదా, శుభమే అనుకున్నారు. పాశర్లపూడి వంతెన ఎక్కకముందే బండి తనంతట తనే నీరసించి ఆగిపోయింది. చుట్టుపక్కల వాళ్లు పరుగెత్తుకొచ్చారు. మా గోదారోళ్ల మర్యాద గురించి చెప్పేదేముంది! పక్కింట్లో బోరు కొట్టి బిందెతో నీళ్లు తెచ్చి పోసేశారు. ఆ బోరు నీళ్లు నాలిక మీద పెట్టుకుంటే ఉప్పు.

ఇక్కడ ప్రెసిడెంటుగారి గురించి ఓ మాట చెప్పాలి. చెరువులో నీళ్ల ఉప్పెంతో మీటరు పెట్టకుండానే నోట్లో పోసుకుని చెప్పగల మనిషి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుందని రాత్రి రెండింటికే లేచి గట్టు మీద తిరుగుతారు. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటరు శబ్దం కాస్త మారితే నిద్రలోనే తెలుస్తుంది ఆయనకి. కాపలా కుర్రాడు మేత రెండు పిడికిళ్లు ఎక్కువేస్తే ఆ పూట గట్టంతా హోరెత్తిపోతుంది. అలాంటాయన, డిస్టిల్డ్ వాటర్లో సగానికి సగం కూలెంట్ కలిపి మాత్రమే పోయాల్సిన ఇంజనులో ఉప్పునీళ్లు పోస్తుంటే గొడుగు పట్టుకుని పక్కనే నిలబడ్డారు. ఇంజను లోపలి లోహానికి ఉప్పునీరు ఎంత ఇష్టమో వేరే చెప్పక్కర్లేదు. కారుకి మీసాలుండి, కౌంటు పలికి ఉంటే ఇలా జరిగేది కాదు.

ఆ పంపుకి బెల్టు లేదు. కరెంటు మోటారుతో తిరుగుతుంది. లక్ష కిలోమీటర్లు దాటాక ఎప్పుడు ఆగుతుందో దాని ఇష్టం, ముందస్తు మూలుగులేమీ ఉండవు. ఆటోమేటిక్ గేరు బండిని ట్రక్కు మీద ఎక్కించి తీసుకెళ్లమని పుస్తకంలో ఉంది. మా వాళ్లు ట్రాక్టరుకి మోకు కట్టి లాక్కొచ్చారు. విజయవాడ తీసుకెళ్తే పంపూ, పక్కనే ఉండి వేడిని బట్టి నీళ్లు వదిలే థర్మోస్టాటూ రెండూ కలిపి మారుస్తామని అంకె చెప్పారు. "ఆ డబ్బుతో నాకు కొత్త ఏరేటర్లు వస్తాయయ్యా" అన్నారు ప్రెసిడెంటుగారు. చివరికి ఆటోనగర్ నుంచి ఓ పాత పంపు వచ్చింది. థర్మోస్టాటు ముఖం చూసి బాగానే ఉందన్నాడు మేస్త్రి.

ఆ పైన నీళ్ల గొట్టాల్లో చిక్కిన గాలి తీయాలి. మేస్త్రి మేనల్లుడు ఫోన్లో చూసి పద్ధతి చదివి వినిపించాడు.

"ఇంజన్ స్టార్ట్ చెయ్యకూడదంటండి. స్విచ్ మాత్రం ఆన్ చెయ్యాలంటండి."

"సరే, చేశాను."

"ఇప్పుడు హీటరు ఫుల్లు పెట్టాలండి."

"ఏవిటీ? మే నెల్లో హీటరా?"

"ఆయ్. పెట్టి, యాక్సిలేటరు పది సెకన్లు అడుగంటా తొక్కాలండి."

"స్టార్టే చెయ్యని బండికి యాక్సిలేటరు తొక్కమనడానికి నీకు సిగ్గు లేదుట్రా?"

తొక్కారు. ఇంజను ఆగి ఉండగానే లోపల పంపు గుర్రుమంటూ తిరగడం మొదలెట్టింది. ఇంచుమించు పన్నెండు నిమిషాలు తిరిగి దానంతటదే ఆగింది. షెడ్డు ముందు జనం పోగయ్యారు. ఓ పెద్దావిడ దణ్ణం కూడా పెట్టుకుంది. ఇంత చక్కటి పద్ధతి పెట్టిన జర్మనీవాడు, పక్కనే ఓ పూజారిని కూర్చోబెట్టాలని రాయకపోవడం లోపమే.

ఎలుకల విషయంలో మాత్రం జర్మనీవాణ్ణి పూర్తిగా తప్పుపట్టలేను. కోతలయ్యాక చేలో తిండి లేక అవి ఊళ్లోకొస్తాయి. పందెం కోళ్లకి కాపలా పెట్టి, కారుని కొబ్బరి దింపు కుప్ప పక్కన వదిలేస్తే అవి మాత్రం ఏం చేస్తాయి? వైర్లు కొరికాయి. చేలో ఎలుకలకి పెట్టే వెదురు బుట్టలు తెచ్చి చక్రాల పక్కన వరసగా పెట్టించారు ప్రెసిడెంటుగారు. ఎలుకకింత అని బేరం. పట్టినవాడికి డబ్బు అప్పటికప్పుడే ముట్టింది, ఎలక్ట్రీషియను మాత్రం ఇంకా తిరుగుతున్నాడు. అతనూ ఊరికే ఏం తిరగడం లేదు, నల్లటేపు చుట్టి వెళ్తున్నాడు. స్కానరు పెడితే తప్పుల జాబితా చాంతాడంత వచ్చింది. ఇంజనులోకి గాలి ఎక్కువ పోతోందని ఓ కోడ్ చెప్పింది. ఆక్సిజన్ సెన్సరు మార్చారు. పోలేదు. గాలి కొలిచే సెన్సరు మార్చారు. పోలేదు. గాలి గొట్టం రబ్బరు పగిలిందని ఆఖర్న తెలిసింది. అది సబ్బునీళ్లు రాసి చూసినా తెలిసేదే. కానీ సబ్బునీళ్లకి బిల్లెవడు ఇస్తాడు?

బ్యాటరీ డిక్కీలో ఉంటుంది. ముందూ వెనకా బరువు సమానంగా ఉండాలని పెట్టారట. కొత్తది వేస్తే ఆ సంగతి కంప్యూటరుకి నమోదు చేయించాలి, లేకపోతే పాతదనుకునే చార్జింగ్ చేస్తుంది. "మా షాపులో వేసిన బ్యాటరీకి వేరే పుట్టిన తేదీ సర్టిఫికెట్ అవసరం లేదండి" అన్నాడు బ్యాటరీల ఆయన.

ఇన్ని మాటలు పెడచెవిన పెట్టిన ప్రెసిడెంటుగారు జర్మనీవాడి మాట ఒక్కటి మాత్రం తు.చ. తప్పకుండా పాటించారు. గేరుబాక్సులో ఆయిల్ ఎప్పటికీ మార్చక్కర్లేదని కారు కంపెనీ చెప్పింది. ఆ గేరుబాక్సు తయారుచేసిన జెడ్‌ఎఫ్ వాళ్లు 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటారు. ఈ రెండో మాట ఎవరైనా ఎత్తితే ఆయన చెయ్యి అడ్డం పెడతారు. "కంపెనీవాడి కంటే మనకి తెలుసా అండీ?"

ఇప్పుడు గేరు రెండు నుంచి మూడుకి పడేటప్పుడు వెనక నుంచి ఎవరో తన్నినట్టుంటోంది. కాబట్టి బండి బేరానికి పెట్టారు. ప్రకటన మేస్త్రి మేనల్లుడే రాశాడు. సింగిల్ హ్యాండ్, డాక్టరుగారి బండి, షోరూమ్ మెయింటెనెన్సు, ఏ పనీ లేదు. కొనేవాడు వచ్చే ముందు స్కానరు పెట్టి కోడ్లన్నీ తుడిచేస్తారు. కాసేపు తిరిగితేగానీ అవి మళ్లీ రావు. అందుకని నరసాపురం వైపు వాళ్లకి అమ్మడమే క్షేమమని బ్రోకరు సలహా. సఖినేటిపల్లి రేవుదాకా బండి మర్యాదగానే వెళ్తుంది. గోదారి దాటించే పంటు మీద ఇంజన్ ఎలాగూ ఆపే ఉంటుంది. ఇక లైటు వెలిగేది అవతలి ఒడ్డునే, అప్పటికి జిల్లా కూడా మారిపోతుంది.