రేంజర్ పనిని మొక్కల లెక్కతో కొలవొద్దు

ఫారెస్ట్ రేంజర్ అనగానే మన పేపర్లకు ఎర్రచందనం దుంగలే గుర్తొస్తాయి. వెలిగొండల్లో పనిచేసిన వాళ్ల సర్వీసంతా ఆ కేసులతోనే తూస్తాం. నన్నడిగితే ఆ ఉద్యోగంలో పెద్ద పని వేరే ఉంది, రైతుకు నేల సంగతి నేర్పడం.

కనిగిరి, పామూరు, సీఎస్‌పురం గుట్టల మీద గట్టి వాన పడితే నీళ్లు ఎర్రగా మారి, మన్నును వెంటేసుకుని వాగులో కలుస్తాయి. పని తెలిసిన ఫారెస్టర్ అక్కడ ముందుగా మొక్క నాటడు. వాలుకు అడ్డంగా కందకాలు తవ్విస్తాడు, మట్టిని దిగువవైపు గట్టుగా పోయిస్తాడు, గుట్ట తల నుంచి మొదలుపెట్టి కిందికి వస్తాడు. పైన వదిలేసి కింద చెక్‌డ్యామ్ కడితే అది పూడిపోతుంది, పెట్టిన డబ్బు అక్షరాలా మట్టిపాలే. ఆ తర్వాత అసలు కష్టం: మేకలే బతుకుతెరువైన మనిషిని కొన్నాళ్లు గుట్ట ఎక్కొద్దని ఒప్పించాలి. సర్క్యులర్‌తో అయ్యే పని కాదది. 1992లో, ఊరివాళ్లే అడవిని చూసుకునే వన సంరక్షణ సమితులు మొదలైంది ఈ ఆలోచనతోనే. తీరా ఊరికి నమ్మకం కుదిరేసరికి సారుకు ట్రాన్స్‌ఫర్! కొత్తగా వచ్చినాయన మొక్కల లెక్క అడుగుతాడు. పైవాళ్లు ఆయన్ని అడిగేదీ అదే మరి.

స్మగ్లర్లను వదిలేసి పాఠాలు చెప్పమంటారా అనేవాళ్లున్నారు. కాపలా ఉండాల్సిందే. కానీ నమ్మిన ఊరు చేరవేసే కబురు ఏ చెక్‌పోస్టుకూ అందదు.

చెబితే రైతు వినడనడం కూడా అబద్ధం. ప్రకాశం మెట్టపొలాల్లోకి పేపర్ మిల్లులు కొనే జామాయిల్, సుబాబుల్ చెట్లు వచ్చాయంటే రైతు విన్నాడనే కదా. చెట్టు పెంచడం నేర్పి, మిల్లు ధర దగ్గర అతన్ని ఒంటరిగా వదిలేసింది మనమే.

మన జబ్బు ఇంకా పెద్దది. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు కోసం పశ్చిమ ప్రకాశం ఇన్నేళ్లుగా ఎదురుచూస్తోంది. శ్రీశైలం నుంచి కొండల కింద సొరంగాల్లో 43.5 టీఎంసీలు తెస్తామన్న మాట నిలబెట్టుకోవాల్సిందే. అయితే సొరంగం పేరు చెప్పి ఓట్లడిగే పార్టీలకు మన నెత్తిన పడే వాన ఎందుకు పట్టదు? కందకానికి రిబ్బన్ కత్తిరించలేరు, కాంట్రాక్టూ చిన్నది. నీళ్లంటే ఎక్కడి నుంచో తేవాల్సినవే అని జనానికీ అలవాటు చేశారు.

కనిగిరి, ఉదయగిరి లాంటి చోట్ల రేంజర్‌ను కనీసం ఐదేళ్లు కదపకండి. ప్రమోషన్ ఫైల్లో నాటిన మొక్కల సంఖ్య పక్కనే, ఆ గుట్టల కింది బావుల్లో ఎండాకాలం నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో కూడా రాయించండి.