రెక్క కత్తిరించిన చేప: పెదవాల్తేరు డాబా మీద వాదోపవాదం

మా మావయ్య ముప్ఫయ్యేళ్ళు భీమిలి రోడ్డు పక్క రొయ్యల హ్యాచరీల్లో, అంటే గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచే చోట్ల, పనిచేశాడు. కిందటి దసరాలకి సియాటిల్లో కొడుకు దగ్గరికెళ్ళి, దగ్గర్లోనే ఉన్న ఇసాక్వా అనే ఊళ్ళో 1936లో కట్టిన సాల్మన్ హ్యాచరీ చూసొచ్చాడు. ఇంటికొచ్చిన ప్రతివాడికీ అప్పట్నుంచి అదే కథ. మా చెల్లి ఆంధ్రా యూనివర్సిటీలో జువాలజీ పీజీ చేస్తోంది. హ్యాచరీలో పుట్టించిన చేపని ఏట్లో వదలడం మంచిదా కాదా అని మొన్న ఆదివారం సాయంత్రం ఇద్దరూ డాబా మీద తగులుకున్నారు. మధ్యలో ఉల్లిపాయ పకోడీల పళ్ళెం, నేనూ.

(సాల్మన్ ఎరగనివాళ్ళ కోసం ఒక మాట. అది గెడ్డలో (వాగులో) పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్ళీ పుట్టిన గెడ్డకే ఎదురీదుకుంటూ వస్తుంది. పసిఫిక్ సాల్మన్లు చాలామటుకు గుడ్లు పెట్టాక అక్కడే చచ్చిపోతాయి. మనవైపు ఇండియన్ సాల్మన్ అని అమ్మే మాగ దానికి చుట్టం కాదు.)

మావయ్య: ఏటే, ఏట్లో చేప తగ్గిపోయిందంటే పిల్లని పుట్టించి వదలడం తప్పా? నా కళ్ళతో చూశాను. ఆడచేప పొట్ట కోస్తే శనగగింజలంత గుడ్లు, నారింజ రంగువి, జారుకుంటూ బకెట్లో పడతాయి. మగదాని పొట్ట నొక్కి పాలలాంటి వీర్యం పిండుతారు. కాసిని నీళ్ళు పోసి కలుపుతారు. అంతే. గెడ్డలో పెట్టిన గుడ్లు ఎన్ని పిల్లలవుతాయి, ట్యాంకులోవి ఎన్నవుతాయి? లెక్క నువ్వే చెప్పు.

చెల్లి: ట్యాంకులో బతకడం లెక్క కాదు మావయ్యా. అక్కణ్ణించి వెళ్ళి, సముద్రం తిరిగొచ్చి, గెడ్డలో గుడ్లు పెట్టి, ఆ పిల్లలు కూడా తిరిగి రావాలి. ఒరెగాన్‌లో హుడ్ నది మీద 2007లో ఒక పరిశోధన అచ్చయింది. స్టీల్‌హెడ్ అని, సాల్మన్ కుటుంబం చేపే. డీఎన్ఏ చూసి ఏ పిల్ల ఎవరి బిడ్డో తేల్చారు. హ్యాచరీలో గడిచిన ఒక్కో తరానికీ, ఏట్లో పిల్లల్ని కనే సత్తా సుమారు 40 శాతం పడిపోతోందని తేలింది.

మావయ్య: ఎందుకు పడిపోద్ది? తల్లీతండ్రీ ఆ ఏటివే కదా?

చెల్లి: ఇసాక్వాలో నువ్వు తొట్టి మీదకి వంగితే పిల్లలేం చేశాయి?

మావయ్య: ఎగబడి పైకొచ్చాయి. మేతనుకున్నాయి పాపం.

చెల్లి: కొంగ నీడ పడినా అలాగే వస్తాయి. ఏట్లో నీడ పడితే రాయి కిందకి దూరిందే బతుకుతుంది. తొట్టిలో నీడ పడితే పైకొచ్చిందే ఎక్కువ తిని బలుస్తుంది. నువ్వు ఎవరికి మార్కులేస్తున్నావో చూడు.

(మావయ్య పకోడీ తుంచాడు గానీ నోట్లో వేసుకోలేదు. ఆయన మేత జల్లిన చేతులకి ఈ సంగతి తెలియందేం కాదు.)

మావయ్య: సరే, మా రొయ్య సంగతి చూడు. టైగర్ రొయ్య పెంచే కాలంలో తల్లి రొయ్య కోసం ఫిషింగ్ హార్బర్లో రాత్రంతా బోట్ల కోసం కాపు కాసేవాళ్ళం. సముద్రంలో తల్లినల్లా పట్టేసేవాళ్ళం. 2009లో వనామీ అనే విదేశీ రొయ్యకి అనుమతి వచ్చాక పెంపకం తల్లులు విమానంలో దిగుతున్నాయి. మన సముద్రంలో తల్లి రొయ్యకి ఊపిరాడింది. హ్యాచరీ చేసిన మేలు కాదా అది?

చెల్లి: మేలే. కానీ నీ వనామీ పుట్టిందే చెరువు కోసం. ఎగబడి తిని బలిస్తే చాలు, చెరువులో దాన్ని సంసారం చెయ్యమని ఎవడూ అడగడు. సాల్మన్‌ని అదే చేత్తో పెంచి, పోయి ఏట్లో కాపరం చేసుకోమంటే ఎలా?

మావయ్య: మరి లారీ కథ తెలుసా నీకు? ఐడహోలో రెడ్‌ఫిష్ అని సరస్సు. సముద్రానికి 1,400 కిలోమీటర్ల పైచిలుకు, దార్లో ఎనిమిది ఆనకట్టలు. 1992లో అంత దూరం ఈదుకుంటూ ఎన్ని సాకై సాల్మన్లు వచ్చాయో తెలుసా? ఒకటి. అదీ మగది. ఒంటరి లారీ అని పేరెట్టారు. దాన్నీ, ముందటేడు వచ్చిన నాలుగింటినీ పట్టుకుని వంశం నిలబెట్టారు. 2014లో పదిహేను వందలు దాటి వచ్చాయి. మీ పరిశోధన అయ్యేదాకా ఆగి ఉంటే సరస్సులో నీళ్ళు తప్ప ఏటుండేది?

(ఇక్కడ మావయ్యకి పూర్తి మార్కులు వేశాను. చెల్లి కూడా కాసేపు సముద్రం వైపు చూసింది.)

చెల్లి: లారీని కాదనను. ఊపిరి పోతుంటే వెంటిలేటర్ పెట్టాల్సిందే. కానీ 1936లో పెట్టిన మనిషి ఇంకా దాని మీదే ఉంటే, ఇంటికెప్పుడు పంపుతారని డాక్టర్ని అడగవా?

మావయ్య: ఆర్కే బీచ్‌లో తాబేలు పిల్లల్ని వదలడానికి తెల్లారగట్లే లేచెళ్ళి ఫొటోలు దిగావు కదా. ఫారెస్టోళ్ళు గుడ్లు ఏరుకొచ్చి, కంచె కట్టి, ఇసకలో పూడ్చి పొదిగిస్తారు. అది హ్యాచరీ కాదేటి? తాబేలుకైతే న్యాయం, చేపకైతే పాపమా?

చెల్లి: తాబేలు పిల్లకి ఒక్క పూటైనా మేత పెట్టారా? గుడ్డు పగలగానే సముద్రంలోకే. కుక్కలూ నక్కలూ తవ్వకుండా కాపలా కాశారంతే. కోహో సాల్మన్‌ని ఏడాదిన్నర తొట్టిలో ఉంచి, గుళికలు మేపి, అప్పుడు వదులుతారు. మన చేతిలో ఎన్నాళ్ళుందన్నదే నా గొడవ.

మావయ్య: అంటే హ్యాచరీ తప్పు కాదు, ఎక్కువ రోజులుంచడం తప్పు.

చెల్లి: నేనలా అన్లేదు.

మావయ్య: ఇప్పుడే అన్నావు. (నా వైపు తిరిగి) అందా లేదా?

(అంది. కానీ నేను పకోడీ నములుతున్నాను.)

చెల్లి: అసలు సంగతి విను. కాలిఫోర్నియాలో మెక్‌క్లౌడ్ నది మీద 1872లో లివింగ్‌స్టన్ స్టోన్ అనే ఆయన హ్యాచరీ పెట్టాడు. అమెరికాలో సాల్మన్ హ్యాచరీలకి అది ఆదిపురుషుడి లాంటిది. ఇప్పుడెక్కడుందో తెలుసా? షాస్టా ఆనకట్ట కట్టాక ఆ జలాశయం అడుగున. గుడ్లు మేం పొదిగిస్తాంలే అనే ధైర్యం ఉంటే ఏటికి అడ్డం కట్టడానికి ఎవడు వెనకాడతాడు? కొలంబియా నది మీద గ్రాండ్ కూలీ ఆనకట్టకి, చేప ఎక్కి దాటడానికి మెట్లలాంటి నిచ్చెన కూడా పెట్టలేదు. దాని పైన ఏరంతా సాల్మన్‌కి తలుపేసేశారు. కింద హ్యాచరీలు కట్టిచ్చారు, లెక్క సరిపోయిందన్నారు.

మావయ్య: ఆనకట్ట కొట్టేస్తే కరెంటెవడిస్తాడు? మీ అత్తకి ఏసీ లేందే నిద్ర పట్టదు.

చెల్లి: అన్నీ కొట్టమనలేదు. క్లామత్ నది మీద నాలుగు ఆనకట్టలు 2024కి తీసేశారు. పని అయిన కొన్ని వారాలకే, ఆ అక్టోబర్లోనే, సాల్మన్లు ఒరెగాన్ దాకా ఎగబాకాయి. ఆ పక్కన 1912 తర్వాత అదే మొదటిసారి. వాటిని ఎవరూ మోసుకెళ్ళలేదు.

మావయ్య: సియాటిల్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలోనే ఎల్వా నది కూడా చెప్పు మరి. 2011లో మొదలెట్టి 2014కి రెండు ఆనకట్టలు తీశారు. వందేళ్ళ బురద ఒక్కసారి కిందకి దిగుతుంటే చేపని ఎక్కడ దాచారు? హ్యాచరీలో. వద్దని కొందరు కోర్టుకెక్కారు కూడా. మావాడు అన్నీ చెప్పాడు. అక్కడి తెగలోళ్ళకి చేప పట్టుకునే హక్కు 1855 ఒప్పందాల్లో రాసిచ్చారు, 1974లో కోర్టు సగం వాటా అంది. ఏట్లో చేపే లేకపోతే ఆ సగం కాయితం మీదేనా?

(ఆ మాటకి చెల్లి దగ్గర జవాబు లేదు. లేదని ఒప్పుకోవడం మా ఇంట్లో ఆనవాయితీ కాదు.)

మావయ్య: అదే పద్ధతి మన పులసకి చేస్తే? పుస్తెలమ్మైనా తినాలన్న చేప. వరద నీటికి ఎదురొచ్చి ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ఆగిపోతోంది.

చెల్లి: చెయ్యి తగిలితే పొలుసు రాలి చచ్చిపోయే చేప అది, బకెట్లో పిండడం అంత సులువా? పైగా సాల్మన్‌లా గుడ్లు పెట్టి చచ్చిపోదు, సముద్రానికి తిరిగెళ్తుంది. దానికి కావాల్సింది వచ్చే దారీ, పోయే దారీ. ఆనకట్ట 1852లోనే పూర్తయింది. ఆ తలుపు గురించి మాట్లాడు ముందు.

మావయ్య బదులివ్వకుండా ఫోన్ తీసి ఇసాక్వా ఫొటో చూపించాడు. రబ్బరు చొక్కా తొడుక్కున్న పనివాడి చేతుల్లో చేప, మోచేతంత పొడుగు. చెల్లి వేళ్ళతో పెద్దది చేసి తోక దగ్గర ఆగింది.

చెల్లి: ఇక్కడ వీపు మీద, తోకకి ముందు, వేలి కొసంత రెక్క ఉండాలి. లేదు చూడు. వదిలేముందు కత్తిరించేస్తారు, హ్యాచరీ చేపని గుర్తుపట్టడానికి.

మావయ్య కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

మావయ్య: ఇది హ్యాచరీకి రాకుండా ఏట్లోనే గుడ్లు పెట్టిందనుకో. ఆ పిల్లకి ఈ రెక్క ఉంటుందా?

చెల్లి: ఉంటుంది. ఇది కత్తిరించింది కదా, పుట్టుకతో పోయింది కాదు.

మావయ్య: అప్పుడది ఏటి చేపా, హ్యాచరీ చేపా?

చెల్లి ఫోన్ తిరిగివ్వలేదు. కింద నుంచి అత్త, వంజరం ముక్కలు వేగిపోయాయని రెండోసారి కేకేసింది.