ఎకరం అమ్మే ముందు ఒక పీడీఎఫ్ చదవండి

ఇంటర్ పరీక్షలు ముగియకముందే ప్రైవేటు యూనివర్సిటీల నుంచి ఫోన్లు మొదలవుతాయి. ఈ వారంలోగా ఇంజనీరింగ్ సీటు బ్లాక్ చేసుకోకపోతే సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) దొరకదంటారు. రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ ర్యాంకు ఇంకా రాలేదు, అయినా అడ్వాన్సు కట్టేస్తారు. పెద్ద పేరున్న యూనివర్సిటీయా, ఆ ర్యాంకుతో కన్వీనర్ కోటాలో వచ్చే చిన్న కాలేజీయా అన్నది ఆ కంగారులోనే తేలిపోతోంది.

ముందు అప్పు లెక్క చూద్దాం. ఏడాదికి 4 లక్షల చొప్పున 16 లక్షలు విద్యారుణం, వడ్డీ 10 శాతం అనుకోండి. చదివే నాలుగేళ్లు, ఆపై మరో ఏడాది వాయిదాలు కట్టనక్కర్లేదు. వడ్డీ మాత్రం ఆగదు. మొదటి 4 లక్షలపై ఐదేళ్లు, తర్వాతి 4 లక్షలపై నాలుగేళ్లు... ఇలా సాధారణ వడ్డీయే 5.6 లక్షలవుతుంది. మొత్తం 21.6 లక్షలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 28,500. హాస్టల్, మెస్ ఇందులో లేవు. ఐటీ కంపెనీలు క్యాంపస్‌లలో పెద్ద సంఖ్యలో ఇచ్చే ఉద్యోగాల్లో, ఉదాహరణకు టీసీఎస్‌లో నింజా అనే ప్రారంభ స్థాయి ఉద్యోగంలో, ఏడాది ప్యాకేజీ 3.36 లక్షలు. కోతలేవీ లేకుండానే నెలకు 28 వేలు. జీతమంతా కట్టినా వాయిదా తీరదు.

అందుకే పిల్లవాడు ఆ కాలేజీలో సగటు విద్యార్థిగా మిగిలితే ఏమొస్తుందో చూడాలి. హోర్డింగుల మీది 40 లక్షల ప్యాకేజీ ఒక్కరిది. కేంద్ర ప్రభుత్వ నిర్ఫ్ ర్యాంకింగ్‌కు పంపిన వివరాలను కాలేజీలు తమ వెబ్‌సైట్లో పీడీఎఫ్‌గా పెడతాయి. అందులో ఎంతమంది చేరారు, గడువులోగా ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, వారి మధ్యస్థ జీతమెంత (సగం మందికి అంతకన్నా ఎక్కువ, సగం మందికి తక్కువ) అన్నవి ఏడాదివారీగా ఉంటాయి. ఉద్యోగాలొచ్చినవారిని చేరినవారి సంఖ్యతో భాగించండి. ప్రకటనల్లోని '95 శాతం' చాలాసార్లు ప్లేస్‌మెంట్లకు అర్హులైన వారిలో లెక్క. బ్యాక్‌లాగులు (తప్పిన సబ్జెక్టులు) ఉన్నవారు అందులో ఉండరు. ఒక జాగ్రత్త: ఈ అంకెలు అన్ని బ్రాంచీలవీ కలిపి ఉంటాయి. సివిల్‌లో చేరేవారు ఆ బ్రాంచి లెక్క విడిగా అడగాలి.

మధ్యస్థ జీతం బాగా ఎక్కువున్న బిట్స్, ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ లాంటి చోట అప్పు చేసి చేరినా తప్పు లేదు. వీఐటీలో ప్రవేశ పరీక్ష ర్యాంకును బట్టి ఫీజు ఐదు కేటగిరీలు. మొదటిదానికీ చివరిదానికీ తేడా రెట్టింపు పైనే, చేతికొచ్చే డిగ్రీ ఒక్కటే. మొదటి కేటగిరీ వస్తే వెళ్లొచ్చు. చివరి కేటగిరీ కోసం పొలం అమ్మడం మాత్రం నా దృష్టిలో అన్యాయం.

అలాగని చౌకగా వచ్చే ప్రతి కాలేజీ మంచిదని కాదు. నాణ్యతను పరిశీలించే సంస్థలు రెండు: న్యాక్ గ్రేడు కాలేజీ మొత్తానికి, ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కో బ్రాంచికి. మీ బ్రాంచికి ఎన్‌బీఏ ఉందా, ఎప్పటివరకు ఉందో చూడండి. పని దినాన మధ్యాహ్నం రెండింటికి ల్యాబ్‌కు వెళ్లండి. తాళం వేసి ఉందా, ఎన్ని కంప్యూటర్లు ఆన్‌లో ఉన్నాయి? మూడో ఏడాది విద్యార్థిని పక్కకు పిలిచి, ఈ సెమిస్టర్‌లో ఎంతమంది లెక్చరర్లు మధ్యలో మానేశారని అడగండి. ఈ ఒక్క ప్రశ్న బ్రోచర్ మొత్తం కన్నా ఎక్కువ చెబుతుంది. మంథని, నాచుపల్లి, సుల్తాన్‌పూర్, కలికిరి వంటి జేఎన్‌టీయూ సొంత కాలేజీలను దూరమని చూడకుండానే వదిలేస్తున్నారు. కనీసం ఒకసారి వెళ్లి చూడండి.

తెలంగాణలో ఆదాయ పరిమితిలో ఉన్న బీసీ, ఈబీసీ విద్యార్థులకు 10 వేల లోపు ర్యాంకు వస్తే పూర్తి ఫీజు రీయింబర్స్‌మెంట్, దాటితే 35 వేలు. మేనేజ్‌మెంట్ కోటాకు ఏమీ రాదు. ప్రభుత్వ బకాయిలు పేరుకుపోయి, కోర్సు చివర సర్టిఫికెట్ల కోసం ఆ డబ్బు పిల్లలనే కట్టమనే కాలేజీలున్నాయి. అది న్యాయం కాకపోయినా, ఒక ఏడాది ఫీజంత మొత్తం పక్కన ఉంచుకోవడం మంచిది.

చిన్న కాలేజీలో చేరితే దారి మూసుకుపోదు. ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్ పరీక్ష స్కోరుకు కాలేజీ పేరుతో పనిలేదు, ఎంటెక్‌లో నెలకు 12,400 స్టైపెండ్ కూడా వస్తుంది.

ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో కాలేజీలను వరుసగా ఎంచుకునే వెబ్ ఆప్షన్లలో 'వస్తుందో రాదో' అని కోరుకున్న కాలేజీని కిందికి నెట్టకండి. పైన పెట్టిన సీటు రాకపోతే నష్టమేమీ లేదు, వస్తే కిందివాటిని సిస్టమ్ చూడనే చూడదు. అడ్వాన్సు కట్టేసి ఉంటే వాపసు నిబంధన రాతపూర్వకంగా తీసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు పరిశీలించి వెనక్కి ఇచ్చేయాలని యూనివర్సిటీల నియంత్రణ సంస్థ యూజీసీ 2018లోనే చెప్పింది. వాటిని దగ్గర ఉంచుకుంటామనే చోట అసలు డబ్బు కట్టకండి.