గుంటలేసే ఇంటి పిల్లాడికి కెమిస్ట్రీ మైనర్ దేనికి?

2023-24 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ ఒకే మేజర్ పద్ధతికి మారింది. అంతకుముందు బీజడ్‌సీలో వృక్ష, జంతు, రసాయన శాస్త్రాలు మూడూ సమానంగా నడిచేవి. ఈ కొత్త పద్ధతిలో జువాలజీ మేజర్ (ముఖ్య సబ్జెక్టు) తీసుకున్నవాడు రసాయన శాస్త్రం పెద్దగా ముట్టకుండానే పట్టా పట్టుకుని పోవచ్చు. నెల్లూరు జిల్లా విడవలూరు వైపు వనామీ రొయ్యల గుంటలేసే రైతు కొడుక్కి మైనర్, అంటే మేజర్ పక్కన తీసుకునే రెండో సబ్జెక్టు, ఎంచుకునే వేళ వచ్చింది. తండ్రి కంప్యూటర్ అంటాడు. లెక్చరర్ కెమిస్ట్రీ అంటారు.

రైతు: నీళ్లలో అమ్మోనియా చూడ్డానికి కిట్టుండాది గదా మేడమ్. చుక్కలేస్తే రంగొస్తది, చార్టు పక్కన పెట్టి చూస్తే అయిపోయె. దానికోసం కెమిస్ట్రీ ఎందుకు? కంప్యూటర్ చదివితే నెల్లూర్లోనో చెన్నైలోనో పని దొరుకుతది.

లెక్చరర్: ఆ కిట్టు ఏ అమ్మోనియాని చూపిస్తుందన్నా? నీళ్లలో అది రెండు రూపాల్లో ఉంటుంది. రొయ్యకు అసలు విషం విడి అమ్మోనియా. అమ్మోనియం అయానుతో అంత ప్రమాదం లేదు. కిట్టు రెండూ కలిపి చూపిస్తుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 8 ఉంటే మొత్తంలో విడి అమ్మోనియా సుమారు 5 శాతం. పీహెచ్ 9 అయితే 36 శాతం. ఉప్పు నీళ్లలో ఇంకాస్త తక్కువ. పగలంతా నాచు కార్బన్ డయాక్సైడ్ లాగేసుకుంటుంది కాబట్టి మధ్యాహ్నానికి పీహెచ్ పెరుగుతుంది. పొద్దున, మధ్యాహ్నం చార్టు మీద రంగు ఒకటే వస్తుంది, విషం మాత్రం ఏడింతలు ఎక్కువ.

రైతు: ఆ సంగతి చదువు లేకుండానే మాకు తెలుసు. పీహెచ్ పెరిగిన రోజు మేత తగ్గిస్తాం, బెల్లం నీళ్లు చల్లుతాం. నేనడిగేది వేరే. మీ ల్యాబులో గుంట నీళ్లు ఎప్పుడన్నా ముట్టుకున్నారా? మా అన్న కొడుకు పాత బీజడ్‌సీనే చదివినాడు. మూడేళ్లూ తెల్లపొడి చేతికిచ్చి అదే లవణమో కనుక్కోమని సాల్ట్ ఎనాలసిస్ చేయించినారు. బ్రౌన్ రింగొస్తే నైట్రేట్ అని రాయడం, రికార్డు పక్కోడిది చూసి దించుకోవడం. వాడు ఇయ్యాలటికీ మా గుంట నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో చెప్పలేడు.

లెక్చరర్: ఆ తప్పు మాదే, కాదనను. సాల్ట్ ఎనాలసిస్ ఆలోచన నేర్పుతుంది, ఏది ముందు తీసేయాలి, ఏది తర్వాత చూడాలి అని. కానీ బట్టీ పట్టిస్తే అదీ రాదు. అందుకే చెప్తున్నా, కెమిస్ట్రీ మానేయడం కాదు, ఆ బల్ల మీదికి మీ నీళ్లు రావాలి. నీళ్లలో ఆక్సిజన్ కొలిచే వింక్లర్ పద్ధతి తీసుకోండి. 300 మి.లీ. సీసా గాలి బుడగ లేకుండా నింపాలి, నీళ్లు పైనుంచి పోస్తే గాల్లో ఆక్సిజన్ కలిసిపోయి అంకె పెరుగుతుంది. మాంగనీస్ సల్ఫేట్ 2 మి.లీ., ఆల్కలీ అయోడైడ్-అజైడ్ 2 మి.లీ. పిపెట్ కొన నీళ్లలో ముంచి వదలాలి. గోధుమరంగు మడ్డి దిగితే ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లగా దిగితే లేనట్టు. ఇంతవరకూ గుంట గట్టు మీదే చేయాలి, ఆలస్యమైతే సీసాలోని నాచు, బ్యాక్టీరియా అంకెను మార్చేస్తాయి. తర్వాత గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం 2 మి.లీ. పోస్తే మడ్డి కరిగి అయోడిన్ వస్తుంది. అందులో 200 మి.లీ. తీసుకుని 0.025 నార్మల్ థయోసల్ఫేట్‌తో టైట్రేట్ చేయాలి, అంటే రంగు మారేదాకా చుక్కచుక్కగా వదిలి ఎంత పట్టిందో కొలవాలి. ఎండుగడ్డి లాంటి లేత పసుపు రంగు వచ్చాకే స్టార్చ్ వేయాలి, అప్పుడు నీలమవుతుంది. ముందే వేస్తే అయోడిన్ స్టార్చ్‌ని పట్టుకుని వదలదు, రంగు పోయే ఎండ్ పాయింట్ సాగుతూనే ఉంటుంది. నీలం పోయేసరికి ఎన్ని మి.లీ. అయిందో, దాదాపు లీటరుకు అన్ని మి.గ్రా. ఆక్సిజన్. నీలం పోయి మళ్లీ తిరిగొస్తే నైట్రైట్ ఉందని అనుమానించాలి, దాన్ని ఆపాల్సిన అజైడ్ పాడయిందని అనుకోవాలి. ఇది పుస్తకం చదివితే రాదు. చేత్తో పదిసార్లు చెడగొట్టాలి.

రైతు: ఆక్సిజన్ మీటర్ ముంచితే అర నిమిషంలో అంకొస్తది. తెల్లారుజామున నాలుగింటికి ఇరవై గుంటలు చూడాల, సీసాలు పట్టుకుని ఎవరు తిరుగుతారు?

లెక్చరర్: ఇరవైకీ మీటరే వాడండి. కానీ దాని మెంబ్రేన్ మీద పాకుడు పట్టినా, లోపలి ద్రావణం తగ్గినా అది తప్పు చెప్తుంది. తప్పు చెప్తోందని ఎట్టా తెలుస్తుంది? వారానికి ఒక్క సీసా చాలు, మీటర్ నిజం చెప్తోందో లేదో తేలుతుంది.

రైతు: మాకు మేత కంపెనీ ల్యాబోళ్లు ఊరికేనే చూసి పెడతారు.

లెక్చరర్: చూసి, చివర్లో ఏం రాసిస్తారు? జియోలైట్ అనే ఖనిజప్పొడి రాసిస్తారు గదా.

రైతు: రాస్తే? ఏసిన మర్నాడు నీళ్లు తేరుకుంటాయి. నా కళ్లతో చూస్తన్నా.

లెక్చరర్: నీళ్లు తేరుకోవచ్చు, మడ్డి దించుతుంది. అమ్మోనియా కోసం వేస్తే మాత్రం ఉప్పు నీళ్లలో దండగ. జియోలైట్ తన చోట్లలో ఉన్న అయాన్లను వదిలి నీళ్లలోని అయాన్లను పట్టుకుంటుంది. మీ నీళ్లలో సోడియం అమ్మోనియం కంటే వేల రెట్లు ఎక్కువ, ఆ చోట్లన్నీ అదే ఆక్రమిస్తుంది. మంచినీళ్లలో చేసిన పని ఇక్కడ చేయదు.

రైతు: అట్టయితే ఈ చుట్టుపక్కల అందరం పిచ్చోళ్లమా?

లెక్చరర్: పిచ్చోళ్లనలేదన్నా. దేనికి వేస్తున్నారో చెప్పకుండా అమ్మారంటున్నా.

రైతు: (కాసేపాగి) సరే, మా బోరు గుంట సంగతి చెప్పండి. పొటాష్ తక్కువుందన్నారు, ఏసినా రొయ్య ఇంకా కొట్టుకుంటానే ఉండాది.

లెక్చరర్: ఎంత పెంచమన్నారు?

రైతు: లీటరుకు 10 మి.గ్రా. ఎకరా గుంట, 1.2 మీటర్ల నీళ్లు. బస్తా మీద 60 శాతం అనుంటే, లెక్కేసి 81 కిలోలు ఏసినా.

లెక్చరర్: ఆ 60 పొటాషియం కాదు, పొటాషియం ఆక్సైడ్ లెక్క. ఎరువుల బస్తాల మీద అట్టానే రాస్తారు. 0.83తో గుణిస్తే అసలు పొటాషియం 50 శాతం. మీ గుంటలో సుమారు 4,860 ఘనపు మీటర్ల నీళ్లు. కావాల్సిన పొటాషియం 48.6 కిలోలు, అంటే ఎరువు 97 కిలోలు. మీరు 16 కిలోలు తక్కువ వేశారు. రొయ్య కొట్టుకోవడానికి ఇదొక్కటే కారణమని చెప్పను, మెగ్నీషియం కూడా చూడాలి. ఈ లెక్క కంప్యూటర్ చేస్తుంది, కానీ మీవాడు 60 అని కొడితే అది 81 అనే చెప్తుంది.

రైతు: మెగ్నీషియం ఎట్టా చూస్తారు?

లెక్చరర్: ఈడీటీఏ అని కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకునే రసాయనం ఉంది, దాంతో మొత్తం కాఠిన్యం (ఆ రెండూ కలిపి) ఒకసారి, కాల్షియం ఒక్కటే ఇంకోసారి. తేడా మెగ్నీషియం. క్రీకు (సముద్రపు పాయ) నీళ్లయితే పలచన చేయాలి. లీటరుకు 15 గ్రాముల ఉప్పున్న నీళ్లను 50 మి.లీ. నేరుగా పెడితే బ్యూరెట్ మూడుసార్లు నింపినా రంగు మారదేమో అనిపిస్తుంది. 5 మి.లీ. తీసుకుని 50కి పలచన చేస్తే 14 మి.లీ. దగ్గర ఎర్రది నీలమవుతుంది.

రైతు: రేపు రెండు సీసాలు మావాడి చేత పంపిస్తా, బోరుదొకటి, క్రీకుదొకటి. మైనర్ సంగతి వాడితో మాట్లాడతా. ఆ తెల్లపొళ్ల ప్రాక్టికల్ మాత్రం నాకింకా ఎక్కలా మేడమ్.