ఐపీ పెట్టడంలో మన జిల్లా ఎందుకు వెనకబడింది?

విజయనగరం వెనకబడిన జిల్లా అని నాయకులు ఏళ్ల తరబడి బాధపడుతున్నారు గానీ, ఏ రంగంలో బాగా వెనకబడ్డామో ఒక్కరూ చెప్పరు. మోసంలో. మా ఊళ్లో చీటీలాయన ఐపీ పెట్టాడంటే ఆ డబ్బు ఎక్కడికి పోయిందో గంటస్తంభం దగ్గర టీ తాగే ప్రతివాడికీ తెలుసు. కొంత కూతురి పెళ్లికి, మిగిలింది భోగాపురం వైపు బావమరిది పేరు మీద స్థలానికి. ఇంత చిన్న చూపుతో జిల్లా ఎప్పటికి బాగుపడేను?

ఎఫ్‌టీఎక్స్‌ను చూసి నేర్చుకోవాలి. బిట్‌కాయిన్ లాంటి డిజిటల్ డబ్బు కొని అమ్ముకునే ఈ క్రిప్టో ఎక్స్ఛేంజీ 2022 నవంబరులో అమెరికా కోర్టులో ఐపీ పెట్టింది. అప్పటికి ఖాతాదారుల సొమ్ము సుమారు 800 కోట్ల డాలర్లు కనబడలేదు. దాచమని జనం ఇచ్చినది యజమాని సామ్ బ్యాంక్‌మన్ ఫ్రైడ్ తన ఇంకో కంపెనీ అలమేడాకు మళ్లించాడు. ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో పెట్టుకోవడం తప్పా అంటారేమో. జేబులు రెండూ ఆయనవే, డబ్బు ఒక్కటే కాదు. అంత చిన్న విషయానికి 2024 మార్చిలో 25 ఏళ్ల జైలు వేశారు.

ఇక ఆ డబ్బు చేసిన పనులు చూడండి. బహమాస్ దీవుల్లో ఖరీదైన ఇళ్లు కొంది. ఎన్నికల్లో రెండు పార్టీలకూ చందాలిచ్చింది, ఒకరికి బాహాటంగా, ఇంకొకరికి వేరేవాళ్ల పేర్ల మీద. (బావమరిది పద్ధతి అక్కడా ఉందని తెలిసి నాకు కాస్త ధైర్యం వచ్చింది.) మయామీలో ఒక బాస్కెట్‌బాల్ స్టేడియానికి 19 ఏళ్లు తమ పేరు ఉండేలా 13.5 కోట్ల డాలర్లకు ఒప్పందం రాయించింది. రెండేళ్లు తిరక్కుండానే ఆ పేరు పీకేశారనుకోండి, అది వేరే సంగతి. మాకూ విజ్జీ స్టేడియం ఉంది. దాని మీద కన్నేసిన చీటీలాయన ఒక్కడంటే ఒక్కడు లేడు! మహా అయితే సిరిమాను పండక్కి ఒక ఫ్లెక్సీ.

యజమాని అరెస్టయ్యాక కూడా డబ్బు ఖాళీగా కూర్చోలేదు. పోయినదాన్ని వెతకడానికి లాయర్లు, అకౌంటెంట్లు, సలహాదారులు దిగి గంటల లెక్కన బిల్లులు వేశారు. అవీ కోట్ల డాలర్లే. పాపం, వెతికి పట్టుకున్నారు కూడా. చాలామందికి అసలు కంటే ఎక్కువే ఇస్తామన్నారు. ఎలాగంటే, పోయిన కాయిన్లకు కంపెనీ మునిగిన నాటి ధర కట్టి. అప్పుడు బిట్‌కాయిన్ 17 వేల డాలర్ల లోపు. 2024 అక్టోబరులో కోర్టు ఈ ఏర్పాటుకు సరేననేసరికి 60 వేలు దాటింది. ఒక కాయిన్ పోయినవాడు చేతికొచ్చే డబ్బుతో అర కాయిన్ కూడా కొనలేడు, కాగితాల్లో మాత్రం లాభంలో ఉన్నాడు.

చీటీలో డబ్బు పోగొట్టుకున్న మా వీధి మామ్మకు ఇదంతా ఓపిగ్గా వివరించాను. శ్రద్ధగా వింది.

"ఇచ్చినోల డబ్బులు ఇచ్చినోలకే ఇచ్చీడానికి ఇంతమందికి జీతాలేటి బాబూ?" అంది.

జీతాలు కావు మామ్మా, ఫీజులు అన్నాను.