సైలెన్సర్ మరకపై ధర్మయుద్ధం

మోటారుసైకిల్ ఉన్న మనిషికి బాధ్యతలు తక్కువేమీ కావు. గొలుసు వదులైతే బిగించుకోవాలి, బ్రేకు షూలు అరిగితే మార్చుకోవాలి, టైరు నున్నబడితే దానికి పదవీ విరమణ ఇప్పించాలి. అయితే ఇవన్నీ ప్రాణం నిలబెట్టే పనులే తప్ప పరువు నిలబెట్టే పనులు కావు గనుక, వాటిని తీరిక దొరికినప్పుడు చూసుకోవచ్చునని యజమానుల్లోని విజ్ఞులు ఏనాడో తీర్మానించుకున్నారు. సైలెన్సర్ గొట్టం మీద గోరంత నల్లమరక పడటం మాత్రం వేరే సంగతి. ఆ మరకతో బండి నడిపితే ఎదురొచ్చేవాళ్ళు ఏమనుకుంటారు? బ్రేకు పడకపోతే వాళ్ళేమనుకుంటారన్న ప్రశ్నకు అంత తొందర లేదు.

ముందుగా మరక పుట్టుక చూడాలి. ఇంజన్ నుంచి వంపు తిరిగి బయటికి వచ్చే బెండ్ పైపు, బండి నడుస్తుండగా కొన్ని వందల డిగ్రీల వేడికి చేరుతుంది. పాలిథీన్ సంచి కరగడానికి రకాన్ని బట్టి 105 నుంచి 130 డిగ్రీల సెల్సియస్ చాలు. నైలాన్ వానకోటుకు 220 డిగ్రీలు, పాలియెస్టర్ ప్యాంటుకు 260 డిగ్రీల దాకా కావాలి. గాలికి కొట్టుకొచ్చిన అనాథ సంచి అయినా, మోజుపడి కొనుక్కున్న వానకోటు అంచు అయినా, గొట్టం ఏ భేదమూ పాటించక అక్కున చేర్చుకుంటుంది. బూటు మడమ రబ్బరుది మరో తీరు. అది కరిగి జారదు. కమిలి, మాడి, పూతలా పట్టుకుంటుంది. ఏది అంటుకున్నా యజమాని తొలి ప్రకటన ఒక్కటే: రోడ్డు మీద సంచులు పారేసే జనానికి బుద్ధి లేదని. తన బూటు అచ్చు గొట్టం మీద స్పష్టంగా కనిపిస్తున్నా ఆ ప్రకటనలో సవరణ ఉండదు.

మరక పడిన పూటే సలహాదారుడు ప్రత్యక్షమవుతాడు. అంటుకున్నది ప్లాస్టిక్కా, రబ్బరా, కాలిన నూనెనా అని అతడు అడగడు. కింద ఉన్నది క్రోము పూతా, స్టెయిన్‌లెస్ స్టీలా, నల్లరంగా అని అసలే అడగడు. వైద్యం మొత్తం ఈ రెండు ప్రశ్నల మీదే ఆధారపడి ఉన్న మాట నిజమే గానీ, అడిగితే జవాబు వినవలసి వస్తుంది, విన్నాక ఆలోచించవలసి వస్తుంది, అంత శ్రమ పడితే సలహాలోని ధాటి సన్నగిల్లుతుంది. సొంత బండి గొట్టాన్ని ఒక్కసారైనా తుడిచి ఎరగనివారి సలహాల్లో ఈ ధాటి మరింత నిండుగా ఉండటం గమనార్హం.

గోళ్ళరంగు తుడిచే ద్రవం పూయమన్నది వీటిలో బహుళ ప్రచారం పొందినది. అందులో తరచుగా ఉండే అసిటోన్ పాలిస్టైరిన్ (థర్మోకోల్‌ను తయారుచేసేది) వంటి కొన్ని ప్లాస్టిక్కులను కరిగిస్తుంది. పాలిథీన్ మాత్రం మామూలు వేడిమిలో దాన్ని కన్నెత్తి కూడా చూడదు. సంచి మరకను అసిటోన్‌తో గంటసేపు రుద్దినవారికి చివరికి శుభ్రపడేవి తమ గోళ్ళే. పైగా సున్నాకు 20 డిగ్రీల దిగువ చలిలో కూడా నిప్పురవ్వ తగిలితే అంటుకునేంత ఆవిరిని విడిచే ద్రవమది. అటువంటిదాన్ని వేడి గొట్టం మీద పోయమని చెప్పే పెద్దమనిషి తాను మాత్రం కాస్త ఎడంగా నిలబడి చెప్పడాన్ని అతని వివేకానికి నిదర్శనంగా స్వీకరించాలి.

ఓవెన్ జిడ్డు వదిలించే నురగను ఆశ్రయించేవారు మరికొందరు. దాని బలమంతా కాస్టిక్ సోడా. కొవ్వును సబ్బుగా మార్చడంలో దానికి సాటి లేదు; పాలిథీన్ సంచి కొవ్వు కాదన్నదొక్కటే చిన్న ఇబ్బంది. మరకతో పని లేని ఆ క్షారం కిందికి జారి అల్యూమినియం ఇంజన్ కవరును చేరుతుంది, ఆ లోహాన్ని తింటూ హైడ్రోజన్ బుడగలు వదులుతుంది. బుడగలు చూసి మందు పనిచేస్తోందని మురిసిపోయే యజమాని చెప్పేది అబద్ధమేమీ కాదు. పని జరుగుతూనే ఉంది, చోటే వేరు. ఇంతకన్నా సాహసికులు బ్రేకు క్లీనర్ డబ్బా అందుకుంటారు. కొన్ని రకాల్లో టెట్రాక్లోరోఇథిలీన్ వంటి క్లోరిన్ ద్రావణి ఉంటుంది. బాగా వేడెక్కిన లోహాన్ని తాకితే దాని నుంచి ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టగలదు. 1915లో యుద్ధభూమిలో సైనికుల మీదికి వదిలిన వాయువే ఇది. ఒక్క సంచి ముక్క కోసం మొదటి ప్రపంచ యుద్ధాన్ని ఇంటి ముందుకు తెచ్చుకోగలిగిన ఈ పట్టుదలను ప్రశంసించడానికి భాష చాలదు.

రసాయనాలు ఓడిన చోట బాహుబలం రంగంలోకి దిగుతుంది. ఇక్కడ క్రోము పూత గురించి కొంత విస్తరించి చెప్పక తప్పదు, ఎందుకంటే అసలు నష్టం మరక వల్ల కాక ఇక్కడే జరుగుతుంది. అద్దంలా మెరిసే క్రోము పొర మందం సాధారణంగా ఒక మైక్రానులో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులో, సగం కూడా ఉండదు. మనిషి తలవెంట్రుక మందం కొన్ని పదుల మైక్రాన్లు. ఇనుమును నిజంగా కాపాడేది ఆ క్రోము కింద ఉన్న నికెల్ పొర. వజ్రానికి 10 ఇచ్చే మోస్ కొలమానం మీద క్రోమియం గట్టిదనం 8.5. దాంతో ఎవరికైనా భరోసా కలగవచ్చు గానీ, గరుకు కాగితం మీది అల్యూమినియం ఆక్సైడ్ గట్టిదనం 9. ఆ అర అంకె తేడాను నిరూపించడానికి ఎందరో యజమానులు సొంత గొట్టాలను ప్రయోగశాలలుగా సమర్పించుకున్నారు. మొదట మరక పోతుంది. వెంట క్రోము పోతుంది. ఆ తరువాత కొంచెం పసుపు ఛాయతో నికెల్ తొంగిచూస్తుంది. అప్పుడైనా ఆగితే ఆ తొంగిచూపుతో సరిపోయేది; అయితే మిగతా గొట్టానికి రంగు కలవలేదని మరికొంత రుద్దుతారు, ఇనుము బయటపడుతుంది, తుప్పు మొదలవుతుంది. ఇప్పుడు తుప్పు వదిలించే మార్గం కోసం అదే సలహాదారుడి దగ్గరికి వెళ్ళాలి.

స్టెయిన్‌లెస్ స్టీలుకు ఇంత ప్రమాదం లేదనుకోవడం కూడా తొందరపాటే. కనీసం 10.5 శాతం క్రోమియం కలిపి, తుప్పును అడ్డుకునే ఈ ఉక్కును మనుషులు ఎంతో శ్రమపడి సాధించారు. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో లోహశాస్త్రవేత్త హ్యారీ బ్రేర్లీ 1913లో తన మిశ్రమాన్ని పోతపోశాడు. మామూలు ఇనుప పీచుతో గట్టిగా రుద్దితే, పీచు నుంచి రాలిన ఇనుప రేణువులు ఉపరితలంలో ఇరుక్కుని తుప్పు చుక్కలుగా పూస్తాయి. లోహశాస్త్రం సాధించిన దాన్ని ఒక్క పూటలో వమ్ము చేయగల శక్తి పిడికెడు పీచుకు ఉండటం ఆశ్చర్యమే. నల్లరంగు సైలెన్సర్ విషయంలో చర్చే అనవసరం. రంగుతో సహా మరక పోతుంది.

బెండ్ పైపు మీద కనిపించే నీలం, బంగారు ఛాయల గతి మరీ విచిత్రం. ఇవి అంటుకున్న పదార్థాలు కావు. వేడికి లోహం మీద పెరిగిన ఆక్సైడ్ పొర మందాన్ని బట్టి కాంతి చూపే రంగులు ఇవి. స్టెయిన్‌లెస్ స్టీలు 300 డిగ్రీల దగ్గర లేత గడ్డి రంగుకు తిరుగుతుంది, 540 దాటితే నీలమవుతుంది. మామూలు గొట్టం మీద వీటిని రోగమనుకుని రుద్దేవారే, టైటానియం గొట్టం మీద అవే రంగులు కనిపిస్తే ఫొటోలు తీసుకుంటారు.

ఇంతకీ అంటుకున్న ప్లాస్టిక్‌ను తీసే మార్గం ఉంది, అది అవమానకరమైనంత సులభం. ఇంజన్‌ను కొద్ది నిమిషాలు నడిపి ఆపాలి. గొట్టం వేడికి మరక మెత్తబడుతుంది. మందపాటి చేతి తొడుగు వేసుకుని, గాలి ఆడే చోట, చెక్క పుల్లతోనో గట్టి ప్లాస్టిక్ బద్దతోనో మెల్లగా తోయాలి. చల్లబడితే మళ్ళీ కాస్త వేడి చేయాలి. లోహపు బ్లేడు వద్దు. చివర మిగిలే పలుచని గోధుమరంగు పొరను, గొట్టం పూర్తిగా చల్లారాక, మెటల్ పాలిష్‌తో మెత్తటి గుడ్డ పెట్టి తుడవాలి. నల్లరంగు గొట్టమైతే పాలిష్ జోలికి కూడా పోకుండా పుల్ల దగ్గరే ఆగాలి. ఈ పద్ధతిలో పొగ లేదు, బుడగలు లేవు, చూడవచ్చినవారికి చెప్పుకునే వీరగాథ లేదు. అందుకే దీనికి ఆదరణ లేదు.

గొట్టం చివర పట్టే మసిని కూడా ఇదే ఉత్సాహంతో తుడిచేస్తుంటారు. పొడిగా, నల్లగా ఉన్న మసి గాలికి తగినదానికన్నా పెట్రోలు ఎక్కువ కలుస్తున్నదని చెబుతుంది. జిడ్డుగా ఉంటే ఇంజన్ నూనె మండుతుండవచ్చు. చదవకుండా చింపేసిన ఉత్తరంలా ఈ కబురు పాత గుడ్డలోకి పోతుంది. సైలెన్సర్ అడుగున కొన్ని బండ్లకు ఉండే చిన్న రంధ్రానికీ ఇదే దుర్గతి. ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు లీటరు నీరు పుడుతుంది. చాలావరకు ఆవిరిగా పోయినా, చల్లటి సైలెన్సర్‌లో కొంత నిలుస్తుంది, అది కారిపోవడానికే ఆ రంధ్రం. శుభ్రత ముదిరిన యజమాని దాన్ని లోపంగా గుర్తించి లప్పంతో పూడుస్తాడు. ఆపై గొట్టం బయట తళతళలాడుతూ లోపల నుంచి తుప్పు పడుతుంది.

పని ముగిశాక చల్లటి గొట్టాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, అది పూర్తిగా ఆరేదాకా ఆగి, అప్పుడే ఇంజన్ స్టార్ట్ చేయాలి. లేకపోతే మెరుపును తాకి చూసి మురిసిపోయిన వేళ్ళ జిడ్డు వేడికి మాడి, అయిదు వేళ్ళూ ముద్రలుగా మిగిలిపోతాయి. ఈ సంగతి సలహాదారుడికి చెబితే, వేలిముద్రలకు గరుకు కాగితాన్ని మించినది లేదంటాడు.