శ్రీయుత ఫ్లెక్సీ గారికి

అయ్యా,

మొన్న శనివారం మీ సన్నిధిలో ముప్పావుగంట ఎండలో నిలబడే భాగ్యం కలిగింది. క్షేమంగా చుట్టుకుని స్టోర్‌రూముకు చేరుంటారని తలుస్తాను.

ఆరో తరగతి చదివే మా పాప వెంట స్కూలు టూరుకు నేనూ ఒకపూట సెలవు పెట్టుకుని వచ్చాను, 'ప్రకృతి ఒడిలో పాఠం' అని మీ మీదే అంతలావు అక్షరాలతో రాసుండె కదా. బస్సు గంట లేటు, పులిహోరలో ఉప్పు లేదు, పోనీండి. శేషాచలం కొండ కింద అంత చోటుండగా మిమ్మల్ని తెచ్చి ఎర్రచందనం చెట్టుకే కట్టాలా? చెట్టు సగం మీ వెనక దాక్కుంది. మీ మీదేమో మంచుకొండలు, దేవదారు చెట్లు! తిరుపతి ఎండలో!

అరవైమంది పిల్లల్ని వరసలో పెట్టి, ఒకడు కళ్లు మూశాడని ఒకసారి, మీ మీదున్న స్కూలు పేరు పడలేదని ఇంకోసారి, ఫోటోలే ఫోటోలు. ఆ సందులో మా పాప మీ వెనక్కి దూరి చెట్టు నిమిరి, "నాయనా, మొసలి తోలు మాదిరి ఉందే!" అనింది. అంతే, "ముట్టుకోవద్దు, లైన్లోకి రా" అని కేక.

ఎందుకు ముట్టుకోకూడదండీ? ఈ చుట్టుపక్కల కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా తనంతట తాను పెరగని చెట్టది. శేషాచలాన్ని 2010లో బయోస్పియర్ రిజర్వ్, అంటే చెట్టూ చేమా, జీవాలన్నిటినీ కాపాడే చోటు, చేసింది ఫోటో వెనక పెట్టుకోవడానికా? ఆరు నుంచి ఎనిమిదో తరగతిలోపు 10 రోజులు బ్యాగు లేకుండా నేర్పమని 2020 విద్యా విధానంలో రాశారు, మీరు ఆ పది రోజుల్లో ఒకటి మింగేశారు. రోజూ కాసేపు వెలుతురులో ఆడుకునే పిల్లలకు దూరపుచూపు మందగించడం తగ్గుతుందని కంటి డాక్టర్లు మొత్తుకుంటున్నారు, మా పాప క్లాసులో చూస్తే సగం మందికి అద్దాలు. ఇంత చేసి చివరికి పిల్లలు చూసింది ఏంది? మీ వీపు!

పాప మాత్రం కింద రాలిన కాయొకటి, గుండ్రంగా, చుట్టూ రెక్కలాంటి పల్చటి అంచున్నది, జామెట్రీ బాక్సులో దాచి తెచ్చుకుంది. రాత్రి ఫ్యాన్ కింద దాన్ని పదిసార్లు ఎగరేసి, ఎక్కడ పడుతుందో సుద్దముక్కతో గుర్తులు పెట్టింది. ఆ రోజుకు జరిగిన పాఠం అదొక్కటే.

మీ మీద నాకు కక్షేం లేదు. మా వీధి చివర ఇడ్లీబండి అక్క నెత్తిన నీడకు ఒక పట్ట కావాలని అడుగుతోంది. మీ కొలతలు చెప్పాను, సరిపోతాయంట.

ఇట్లు,
అదే చెట్టు కింద నిలబడ్డ నాయన